షమ్తే మామ చెప్పిన బండ

అత్త చెయ్యి నా చేతిలో ఉంది. తలెత్తితే కొంబో పడవ అడుగు నల్లటి ఆకులా ఊగుతోంది, ఆ పడవ అంచున షమ్తే మామ మా బుడగల మీదే చూపు నిలిపి కూర్చుని ఉంటాడు, మేమింకా మనిషి లోతు దాటామో లేదో అప్పుడే అత్త నా వేళ్లను పీత పట్టినట్టు పట్టేసింది. ఊపిరి తీసుకో అత్తా, వదులు, మళ్లీ తీసుకో, నీ వీపు మీద ఉన్న గాలంతా నీదే, ఎవరూ లాక్కోరు. నోట్లో గొట్టం ఉంది కనుక ఇదంతా కళ్లతోనే చెప్పాలి. ఎక్కడెక్కడి మనుషులనో ఇలా చెయ్యి పట్టుకుని దించాను, కొందరు దేవుణ్ణి తలుచుకున్నారు, కొందరు నన్ను తిట్టారు. ఈ చెయ్యి వేరు. చూపుడు వేలి పక్కన పాత గాటు, కన్నంలోంచి ఆక్టోపస్‌ను లాగుతుంటే ఇనుప చువ్వ జారి చీరుకున్నది. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుని టాంగా పట్నానికి వెళ్లిపోయాక, నాన్న అక్క అయిన ఈ జైతూని అత్తే నన్ను పెంచింది, ఈ చేత్తోనే కొబ్బరిపాల అన్నం ముద్దలు చేసి నోట్లో కుక్కింది, ఈ చేత్తోనే వీపు మీద వాయించింది. ఒకసారి ఆటు వేళ దిబ్బ మీద ఆక్టోపస్‌లు ఏరుతుంటే పోటు ముందే తిరిగింది, నీళ్లు ఆమె మెడ దాకా వచ్చాయి, ఆమెకు ఈత రాదు, నన్ను నెత్తికెక్కించుకుని ఒక్కో అడుగూ తడుముకుంటూ ఒడ్డుకు నడిచింది, దారి పొడుగునా ఒకటే తిట్లు, "కాళ్లు ఆడించకే దయ్యమా, నా కాంగా గుడ్డ ఊడిపోతోంది!" భయపడ్డట్టు నాకు గుర్తే లేదు. అంత ఎత్తు మీంచి సముద్రాన్ని చూడటం అదే మొదలు.

ఇప్పుడు ముక్కు పట్టుకుని ఊదమని సైగ చేస్తున్నాను. ఊదింది. చెవి తెరుచుకున్నట్టుంది, కనుబొమలు పైకి లేచాయి. మామ చెవులు ఇలా ఊదుకోక పోయినవే, చిన్నప్పటి నుంచి గుండెల్లో పట్టినంత గాలితోనే దిగేవాడు, శంఖాల కోసం, సముద్రపు దోసకాయల కోసం, నొప్పి పుడితే పళ్లు బిగించుకుని ఇంకా కిందికి పోయేవాడు. ఒక రోజు రెండు చెవుల్లోంచీ రక్తం కారుతూ పైకొచ్చాడు, అంతటితో సముద్రం ఆయనకు మూతపడింది. దిగడం పోయింది, చెప్పడం మిగిలింది. సాయంత్రం ప్రార్థన అయ్యాక వాకిట్లో చాప మీద కూర్చుని లవంగ మొగ్గలు తొడిమల నుంచి విడదీస్తూ కింద ఏముందో చెప్పేవాడు, వీధిలో వాళ్లంతా చేరేవాళ్లు. ఒక చేప ఉందట, మంగలి, పెద్ద పెద్ద చేపలు దాని ముందు నోళ్లు తెరుచుకుని వరసలో నిలబడతాయట, అది వాటి నోట్లో దూరి పళ్లు తోముతుందట. అన్నిటికంటే పెద్ద కథ బీబీది. బీబీ అంటే నాయనమ్మ. అది ఒక పగడపు బండ, ఒకటే పగడం, మన ఇల్లంత ఉంటుంది, వంకాయ పూవు రంగు, మిసాలి దీవిలో మనుషులు అడుగుపెట్టక ముందు నుంచే అది అక్కడ కూర్చుని ఉంది అనేవాడు. అత్త వంటగదిలోంచే అరిచేది, ఆయనకు వినపడాలని అరుపు, కానీ అరవాల్సిన దానికంటే గట్టిగా అరిచేది, "మన ఇల్లంతా? నిన్న పడవంత అన్నావుగా! రాత్రికి రాత్రి పెరిగిందా?" "నిన్న పక్క నుంచి చూశానే, ఇవాళ ఎదురుగా చూశాను." "ఇవాళ నువ్వు చూసింది మంచమే!" జనం నవ్వేవాళ్లు, మామ కూడా నవ్వేవాడు, అలా నేను పెద్దదాన్నయ్యాను.

పోయిన లవంగాల కోతప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. ఏమైందో తెలియదు, అత్త ఎప్పుడూ అనే మాటే అంది, "అబద్ధాల షమ్తే, ముసలాడివయ్యావు, ఇంకా ఎందుకయ్యా" అంది. మామ చేతిలో మొగ్గలు చాప మీద వదిలేశాడు. "పైకి తెచ్చి చూపించలేను జైతూనీ. కిందికి పోయి చూద్దామంటే నా చెవులు రావు. నేనింక చెప్పను" అని లేచి లోపలికి పోయాడు. చెప్పలేదు. మర్నాడు సాయంత్రం జనం వచ్చి కూర్చుని, ఊరికే వెళ్లిపోయారు. ఆ తర్వాత రావడం మానేశారు. ఇల్లు ఎంత చప్పగా అయిందంటే, అత్త గిన్నెలు కావాలని చప్పుడు చేసేది. ఒక రోజు నేను ఒడ్డున గాలి సిలిండర్లు కడుగుతుంటే వచ్చి నిలబడింది. నమస్కారం చేశాను, ఆశీర్వదించింది, ఇక పోతుందనుకుంటే పోలేదు. బట్టల తాడు మీద ఆరేసిన రబ్బరు తొడుగులను రెండు వేళ్లతో, చచ్చిన జంతువు తోలు పట్టుకున్నట్టు పట్టుకుని చూసింది. "ఇది నా కొలతకు దొరుకుతుందా?"

నేను నవ్వాను. అందుకు కారణం ఉంది. నేను ఈ పని నేర్చుకోవడానికి మొదట వెళ్లినప్పుడు ఇదే అత్త కాళ్లకు తొడుక్కునే నా రబ్బరు రెక్కలు రెండూ కోళ్ల గూట్లో దాచేసింది, ఆ తోలు తొడుక్కునే పిల్లను ఎవడు చేసుకుంటాడని వీధంతా వినపడేట్టు ఏడ్చింది, ఒక రెక్కలో కోడి పొదిగింది, పిల్లలయ్యే దాకా నన్ను తీయనివ్వలేదు. "ఎందుకు అత్తా?" అన్నాను. "ఎందుకేమిటి? ఆయన చెప్పేది అబద్ధమని కళ్లారా చూసి వచ్చి చెబితే మళ్లీ పోట్లాటకు వస్తాడు. రాకేం చేస్తాడు!" అని, అటు తిరిగి, "నాకు నిద్ర పట్టట్లేదే సిహాబా" అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, గుండె ఊపిరి అన్నీ చూసి సరే అన్నాడు. మోకాలి లోతు మడుగులో మొదలుపెట్టాం. మొదటి రోజు ముఖం నీళ్లలో పెట్టనేలేదు. తర్వాత పెట్టింది. ఆ తర్వాత, నీళ్లలోనే, గొట్టం నోట్లో ఉండగానే, గట్టున నవ్వుతున్న ఆడవాళ్లను తిట్టడం నేర్చుకుంది, మాట రాదు గానీ బుడగలు వచ్చేవి, ఎవరికి తగలాల్సినవి వాళ్లకు తగిలేవి.

నేను ఆమెకు చెప్పనిది ఒకటి ఉంది, అదే ఇప్పుడు బరువుల బెల్టు కంటే బరువుగా నా నడుము దగ్గర వేలాడుతోంది. బీబీ చచ్చిపోయింది. ఆ మధ్య వేసవిలో సముద్రం పొయ్యి మీద పెట్టిన ఎసరులా వేడెక్కింది, చెయ్యి పెడితే చల్లదనం లేదు, పగడాలన్నీ ఒక్కొక్కటే రంగు వదిలేశాయి, నేను దిగేసరికి బీబీ పాలరాయిలా తెల్లగా ఉంది. కొత్తగా వచ్చిన వాళ్లు ఆహా ఎంత అందమో అని సైగలు చేశారు. మళ్లీ కొన్నాళ్లకు దాని మీద గోధుమరంగు నాచు పట్టింది. ఆ తర్వాత నేను అటు పోవడం మానేశాను, మనుషులను ఎడమ చేతి వైపు తిప్పుతాను, అక్కడ నీళ్లు లోతుగా, చల్లగా ఉంటాయి, పగడాలు తేరుకున్నాయి. ఇవాళ కూడా అదే అనుకున్నాను. ఎడమకు తీసుకుపోయి ఏదో ఒక పెద్ద బండ చూపించి, ఇదే బీబీ అంటాను, అత్తకేం తెలుస్తుంది. మామేమో తెల్లారే వచ్చి పడవెక్కాడు, నేను రమ్మనలేదు. మసీదు తెల్ల గోడ, దాని వెనక పొడుగు కొబ్బరిచెట్టు ఒకే వరసలో కనిపించే చోట పడవ నిలపమన్నాడు. సరిగ్గా బీబీ చుట్టుపక్కలే. పడవ నడిపే కొంబో నా వైపు చూశాడు. నేను నీళ్ల వైపు చూశాను.

అత్త కళ్లు! మాస్క్‌లో నీళ్లు. నెరిసిన వెంట్రుక పాయ ఒకటి తలగుడ్డలోంచి జారి రబ్బరు అంచు కింద ఇరుక్కుంది, నీళ్లు ముక్కు దాకా వచ్చేశాయి, ఆమె కాళ్లు తన్నుకుంటున్నాయి, ఒక చెయ్యి పైకి, వెలుగు వైపు, ఇంకో చెయ్యి నోటి గొట్టాన్ని పీకేయబోతోంది. ఆ చేతిని నా అరచేత్తో అదిమిపెట్టాను, గొట్టం నోట్లోనే ఉండాలి, ఇంకేం పోయినా పర్లేదు, నా ముఖం ఆమె ముఖానికి ఆనించేంత దగ్గరికి తెచ్చాను. అత్తా, నన్ను చూడు. నీ నెత్తి మీద కూర్చున్నదాన్ని. నన్ను చూడు. నా ఊపిరి చూపిస్తున్నాను, బుడగలు నెమ్మదిగా, లోపలికి, బయటికి, నా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ముక్కుతో ఊది చూపిస్తున్నాను, మడుగులో ఎన్నిసార్లు చేశామో, చెయ్యి అత్తా. చేయకపోతే పైకి తీసుకుపోతాను, అంతే, తప్పేం లేదు, మామకు ఏదో చెబుతాం. ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు గొట్టం చుట్టూ ఏదో పలుకుతున్నట్టు కదిలాయి. మాస్క్ పై అంచు నొక్కి ఊదింది. సగం పోయింది. మళ్లీ ఊదింది. వెంట్రుక పాయను నా వేలితో పక్కకు తోశాను. కళ్లు తెరిచింది, ఎర్రగా, కోపంగా, నీళ్ల మీద కోపం, నా మీద కోపం, మామ మీద మరీ కోపం. పైకా, కిందికా అని బొటనవేలితో అడిగాను. నా చేతిని పక్కకు కొట్టి తన వేలితో కిందికి చూపించింది. ఇదే మా అత్త.

ఇసుక. తెల్లగా, గాలికి ఆరేసిన దుప్పటిలా మడతలు మడతలుగా. మోకాళ్ల మీద దిగాం. కాసేపు కదలకుండా ఉండమన్నాను, ఆమె ఊపిరి కుదురుకుంది, బుడగలు సాఫీగా పైకి పోతున్నాయి, వాటిని మామ చూస్తుంటాడు, ఇందాక అవి చెల్లాచెదురైనప్పుడు కూడా చూసి ఉంటాడు, ఏమైపోయి ఉంటాడో. నా మోచేతిని అత్త లాగింది. ఇసుకలో ఒక చిన్న రాయి, రాయి కింద పెద్ద బొంత చేప, తలుపు తీసినట్టు నోరు తెరుచుకుని కదలకుండా నిలబడింది, దాని పళ్ల మధ్య నీలం గీత ఉన్న చిటికెన వేలంత చేప తిరుగుతోంది, ఇటు దూరి మొప్పలోంచి అటు వస్తోంది. వెనకాల ఇంకో చేప తన వంతు కోసం నిలబడింది. మంగలి. అత్త దాన్నే చూస్తోంది, నన్ను చూడటం లేదు, నా మోచెయ్యి వదలడం లేదు. ఎంతమందికి చూపించాను ఆ చేపను, వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఒక్కరు కూడా ఇలా, ఎవరికో బాకీపడ్డట్టు, తల వంచుకుని చూడలేదు.

సరే, పోదాం. ఎడమకు తిరిగాను. రెక్కలను రెండు ఊపులు ఊపాను, అత్త చెయ్యి బిగుసుకుంది. రాదు. వెనక్కి చూస్తే ఆమె ఇసుకలో మేకులా నిలబడి కుడి వైపు చూపిస్తోంది. కాదని తల ఊపాను, ఎడమకు చూపించాను, అటే బాగుంటుంది. ఆమె చూపుడు వేలితో ఇసుక మీద గీసింది, ఒక గుండ్రం, మంగలి రాయి. దాని పక్కన పొడుగ్గా ఒక గీత. గీత దాటి కుడికి, పెద్ద గుండ్రం. గీత ఏమిటో నాకు వెంటనే తెలిసింది, అది ఆ మునిగిన పాత లంగరు గొలుసు, మామ కథలో ఎప్పుడూ వచ్చేది, "మంగలి దుకాణం దాటితే గొలుసు, గొలుసు పట్టుకుని కుడికి పోతే బీబీ." ఎన్ని సాయంత్రాలు. వంటగదిలోంచి అరుస్తూ, పొగకు దగ్గుతూ, ఎన్నడూ వచ్చి చాప మీద కూర్చోకుండా, అబద్ధాలు అబద్ధాలు అంటూ, ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నది. దారి నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఇక నేనేం చేయను? చెయ్యి పట్టుకున్నది నేనే, కానీ ఇప్పుడు తీసుకుపోతున్నది ఆమె, గొలుసు వెంట, తుప్పు వెంట, కుడికి.

నీలంలోంచి అది మెల్లగా వచ్చింది. అత్త ఆగిపోయింది. నేను ఎంత మర్చిపోయాను దాని పరిమాణం! మా ఇల్లు కాదు, మా ఇల్లూ పక్కిల్లూ కలిపి, కప్పు గుండ్రంగా, గోడలు మడతలు పడి. అంతా గోధుమరంగు నాచు. అక్కడక్కడా నల్లటి ముళ్ల ఉండలు. వంకాయ పూవు ఎక్కడా లేదు. అత్త నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, తిప్పుకుందామనుకున్నాను గానీ తిప్పుకోలేదు. అరచేయి బోర్లించి, మెల్లగా పక్కకు జరిపాను. పోయింది అత్తా. ఆమెకు అర్థమైంది. చావు ఇంటికి వెళ్లినప్పుడు గడప దగ్గర నిలబడినట్టు కాసేపు నిలబడింది. తర్వాత కావాలనే నా చెయ్యి వదిలింది, రెండు చేతులూ చాచి ఒక బార, జరిగి ఇంకో బార, కాంగా గుడ్డ కొలిచినట్టు దాని నడుము చుట్టూ కొలవడం మొదలుపెట్టింది. నేను వెనకే ఈదుతున్నాను, ఆమె రెక్కలు ముళ్ల ఉండలకు తగలకుండా చూసుకుంటూ. వెనక వైపుకు పోయేసరికి ఆగింది. కింద, ఒక కన్నం ముందు, పగిలిన పీత డొప్పలు, గవ్వలు కుప్ప. చీకట్లో ఒక కన్ను. ఆక్టోపస్. అత్త కుడి చెయ్యి తనంతట తనే నడుము దగ్గరికి పోయింది, చువ్వ కోసం. చువ్వ లేదు. ఖాళీ చేతిని చూసుకుని నవ్వింది, నవ్వగానే మాస్క్‌లోకి నీళ్లు, ఈసారి భయపడలేదు, నుదురు నొక్కి ఊదేసింది. ఆ ఆక్టోపస్ ఆమెను చూసి తెల్లబోయి, ఎర్రబడి, మళ్లీ రాయి రంగుకు వచ్చింది. ఇద్దరూ పాత పరిచయస్తుల్లా ఎంతసేపు చూసుకున్నారో. ఎంత గాలి మిగిలిందో చూపే ముల్లు చూశాను, ఇక తిరగాలి.

తిరగడం లేదు ఆమె. ఆ కన్నం పైన చూరులా బండ ముందుకు వంగిన చోటు కిందికి తల పెట్టి, నా టార్చి అడిగింది. ఇచ్చాను. వెలుగు చూరు కింద పడింది.

వంకాయ పూవు.

చేటంత వెడల్పున, ఎండ తగలని ఆ నీడలో, సన్నటి తొనలు తొనలుగా, బతికి ఉంది. అంచున నాచును వెనక్కి నెడుతూ లేత రంగు గీత, అంటే పెరుగుతోంది. నేను ఇక్కడికి రాక ఎన్నాళ్లయింది, చచ్చిందని ఎంత సులువుగా వదిలేశాను, అది మాత్రం ఇక్కడ చూరు కింద కూర్చుని తన పని తాను చేసుకుంటోంది. అత్త ముట్టుకోలేదు. మడుగులో నేర్పినట్టే చేతులు ఛాతీకి కట్టుకుంది.  నా మాస్క్‌లో కూడా నీళ్లు చేరాయి, అవి సముద్రానివి కావు, ఊదితే పోలేదు.

పైకి మెల్లగా, బుడగల కంటే మెల్లగా, పడవ తాడు పట్టుకుని. ఒంట్లో చేరిన గాలి సర్దుకోవడానికి మధ్యలో ఆగాలి, ఆగాం, తాడు మీద అత్త గుప్పిటా నా గుప్పిటా ఒకదాని మీద ఒకటి. పడవ అడుగు పక్క నుంచి ఏదో నీళ్లలోకి వేలాడుతోంది. కొమ్మ అనుకున్నాను. చెయ్యి. మామ పడవ అంచున బోర్లా పడుకుని మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి ఉంచాడు, ఎప్పటి నుంచి ఉంచాడో, వేళ్ల కొసలు నానిపోయి ముడతలు పడ్డాయి. అత్త చూసింది. ఇంకా ఆగాలని నేను సైగ చేశాను, ఆమె ఆగింది, చూపు మాత్రం ఆ చేతి మీదే. సరే అన్న వెంటనే పైకి లేచి, కింద నుంచే ఆ చేతిని పట్టుకుంది. మామ కెవ్వుమని అరిచాడు.

"సొరచేప అనుకున్నావా?" నోట్లోంచి గొట్టం తీయగానే అత్త మొదటి మాట. కొంబో, నేను కలిసి ఆమెను పడవలోకి లాగాం, రబ్బరు తొడుగులో ఆమె పెద్ద చేపలా పడి రొప్పుతోంది, మామ ఆమె జుట్టు మీద, భుజాల మీద పొడి కాంగా కప్పుతూ, "బుడగలు చెదిరిపోయాయే, మధ్యలో బుడగలు చెదిరిపోయాయి, నేను దూకబోతే వీడు నన్ను పట్టుకున్నాడు" అంటున్నాడు. "చెవులు లేనివాడివి దూకి ఏం చేస్తావయ్యా?" "నీ పక్కన ఉందును."  ఫ్లాస్కులోంచి కొంబో అల్లం టీ పోశాడు. అత్త గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, ఆయనకు కాస్త వినపడే చెవి వైపు జరిగి, అయినా గట్టిగానే, సముద్రమంతా వినేట్టు చెప్పింది. "నువ్వు అబద్ధాలకోరువే. ఇల్లంత అన్నావు. ఇల్లు కాదు, పక్కిల్లు కూడా కలపాలి. కొలిచి వచ్చాను. తక్కువ చేసి చెప్పావు!"

 మామ, చాలా నెమ్మదిగా, "రంగు?" అని అడిగాడు. నేను కొంబో వైపు చూశాను. అత్త గ్లాసు కింద పెట్టింది. "పైనంతా పోయింది షమ్తే. నాచు పట్టింది." "తెలుసు" అన్నాడు మామ. "పోయిన ఏడే కొంబో చెప్పాడు. అందుకే ఊరుకున్నాను. నువ్వు చూడకుండానే అది పోయింది కదా అని. ఇక చెప్పడం దేనికని." "మరి ఇవాళ నన్నెందుకు దిగనిచ్చావు?" "ఎంత ఉండేదో అయినా చూస్తావని." అత్త ఆయన నానిన వేళ్లను తన ఒళ్లోకి తీసుకుని కాంగా కొసతో తుడుస్తూ, "వెనక చూరు కింద ఇంత ముక్క బతికుంది, నువ్వు చెప్పిన రంగే, పెరుగుతోంది కూడా" అంది. ఎంత ముక్కో చేతులతో చూపించింది, చేట కంటే కొంచెం పెద్దగానే చూపించింది. మామ తల అటు తిప్పుకున్నాడు. కొంబో ఇంజను మీట నొక్కాడు, మళ్లీ ఆపేశాడు, ఇంకాసేపు ఉందామన్నట్టు.

గాలి మళ్లింది. మిసాలి వైపు నుంచి చల్లగా వస్తోంది. "ఇంకేం చూశావు?" మామ అడిగాడు. "చాలా చూశాను." "చెప్పు మరి." "మంగలి దుకాణంలో రద్దీ. నీకోసం అడిగారు." "ఇంకా?" "తాబేలు." "తాబేలా?" "ఈ పడవంత. నా పక్క నుంచే పోయింది, ఆగి నన్ను ఎగాదిగా చూసి మరీ పోయింది." మామ కళ్లు చికిలించి ముందుకు వంగాడు, "పడవంత తాబేలు ఎక్కడా ఉండదే జైతూనీ, అబద్ధం!" "నాతో వచ్చినదాన్నే అడుగు." ఇద్దరూ నా వైపు తిరిగారు, అత్త ముఖం మీద మాస్క్ అంచు ఎర్రగా అచ్చు పడి ఉంది, కనురెప్ప కూడా కదలడం లేదు. మేము దిగినప్పటి నుంచి తేలే దాకా తాబేలు అన్నది కంటపడితే ఒట్టు.

"రెండు, మామా" అన్నాను. "రెండోది కొంచెం చిన్నది."